పాత సామాను, చేతిపనితో మన గదిని సర్దుకోవడం ఎలా

ముందు టేపు పట్టుకోండి, బేరం తర్వాత. గది పొడవు వెడల్పులే కాదు, తలుపు వెడల్పు, మెట్ల మలుపు కూడా కొలిచి ఫోన్‌లో రాసుకోండి, ఎందుకంటే సెకండ్ హ్యాండ్‌లో కొన్న అలమారా గుమ్మంలో ఇరుక్కుంటే వెనక్కి తీసుకునేవాళ్లు దాదాపు ఉండరు. మనిషి తగలకుండా నడవాలంటే 75 నుంచి 90 సెంటీమీటర్ల దారి కావాలి. కొనాలనుకున్న బల్ల సైజులో పాత పేపర్లు నేల మీద పరిచి రెండు రోజులు వాటి చుట్టూ తిరిగి చూడండి. కాలు పదేపదే పేపర్ మీద పడుతోందంటే బల్ల పెద్దదైనట్టే.

చూడ్డానికి వెళ్లినప్పుడు పాలిష్ చూసి మోజు పడొద్దు, తిరగేసి అడుగు చూడండి. సన్నని చిల్లులుండి వాటి కింద పిండిలాంటి పొడి తాజాగా రాలుతుంటే లోపల పురుగు ఇంకా కర్రను తింటోందన్నమాట, వదిలేయండి. నీళ్లకి అంచులు ఉబ్బిన పార్టికల్ బోర్డు (చెక్కపొట్టుని జిగురుతో అదిమి చేసిన పలక) కూడా వద్దు, అది మళ్లీ మామూలుగా అవ్వదు. గీతలు, మరకలు, ఊగే కాళ్లకి మాత్రం టెన్షన్ పడక్కర్లేదు. సోఫాలు, పరుపుల కుట్ల వెంట నల్లటి చుక్కలు కనిపిస్తే నల్లులున్నాయేమోనని అనుమానించాల్సిందే, అలాంటివి ఊరికే ఇచ్చినా నేను ఇంట్లోకి రానివ్వను.

ఊగే కుర్చీని బాగుచేయడం నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. చాలామంది పాత జిగురు మీదే కొత్తది పోస్తారు, అది నిలవదు, ఎందుకంటే ఉడ్ గ్లూ కర్రలోకి ఇంకాలి, ఎండిపోయిన పాత జిగురు దాన్ని ఇంకనివ్వదు. వదులైన కాలిని మెల్లగా ఊడదీసి, కర్ర కనపడేదాకా గీకి, కొత్త జిగురు పూసి బిగించండి. క్లాంప్ (అతికించినవాటిని బిగించి పట్టే పరికరం) లేకపోతే కాళ్ల చుట్టూ తాడు రెండు వరసలు కట్టి, మధ్యలో పుల్ల దూర్చి మెలితిప్పండి. తాడు బిగిసేకొద్దీ జాయింట్‌లోంచి తెల్లటి జిగురు చిన్న పూసల్లా బయటికొస్తుంది, అప్పుడు ఆపేయాలి. తడిగుడ్డతో తుడిచి, కుర్చీ నాలుగు కాళ్లూ నేలకి ఆనాయో లేదో చూసి, 24 గంటలు దాని జోలికి వెళ్లకండి.

రుద్దడానికి 120 నంబర్ శాండ్ పేపర్, తర్వాత 220, కర్ర చారలు ఎటుంటే అటే. బాగా పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చు, దాన్ని పొడిగా రుద్దితే ఆ దుమ్ము పిల్లలకి మరీ ప్రమాదం, అలాంటిది కదిలించకపోవడమే మంచిది. రుద్దిన కర్రకి అవిసె నూనె పూస్తే, పూయడానికి వాడిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయొద్దు, వాటంతట అవే వేడెక్కి అంటుకోవచ్చు. విడివిడిగా బయట ఆరేయండి.

చేత్తో కుట్టేవాటికి పాత దుప్పటి, పరదా చాలు. 40 సెంటీమీటర్ల దిండుకి 38 సెంటీమీటర్ల గలేబు కుడితే దిండు నిండుగా, బిగువుగా కనిపిస్తుంది. మిగిలిన అదే గుడ్డని కుర్చీ సీటుకి కూడా వేయండి, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన వస్తువులు కూడా పక్కపక్కనే కుదురుగా కూర్చుంటాయి.