కొత్త నాటికకి ఆడిషనా? రెండోసారి చదివించండి

కొత్త నాటికల పండగకి నటుల్ని ఎంచుకునేటప్పుడు, వాళ్లు కంఠతా పట్టి తెచ్చిన పాత డైలాగు ఒక నిమిషం విని ఆపేయండి. అది ఎన్ని స్టేజీల మీద అరిగిందో మనకి తెలీదు. మీ నాటికలోంచే ఒక పేజీ ఇచ్చి, పది నిమిషాలు బయట చూసుకోమని, ఇద్దరిద్దర్ని కలిపి చదివించండి. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే వింటున్నారా, కాగితంలో తల దూర్చేస్తున్నారా చూడండి.

అసలు సంగతి తర్వాత తెలుస్తుంది. "ఇదే మాట కోపం లేకుండా, అప్పు అడుగుతున్నట్టు అనండి" అని ఒక్క సూచన ఇచ్చి మళ్లీ చదివించండి. మొదటిసారి అదరగొట్టి, రెండోసారీ అచ్చం అలాగే చదివేవాళ్లతో కష్టం. కొత్త స్క్రిప్టు రిహార్సల్స్‌లో మారుతూనే ఉంటుంది, రచయిత రాత్రికి రాత్రి సీను తిరగరాసేస్తాడు. ఉత్తరాంధ్ర యాస ఉన్న పాత్రయితే, యాస రాగానే కామెడీలోకి జారిపోతున్నారేమో కూడా గమనించండి. మన నాటకాలకి ఆ జబ్బు పాతదే.

ఫారంలో ఫోన్ నంబరు పక్కనే షిఫ్టు టైమింగులు రాయించండి. విశాఖలో స్టీల్‌ప్లాంటులోనో పోర్టులోనో పనిచేసేవాళ్లకి మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఉండే బి షిఫ్టు పడితే సాయంత్రం రిహార్సల్ పోయినట్టే. గాజువాక నుంచి సిరిపురం రావాల్సినవాళ్లకి ట్రాఫిక్ సంగతి సరేసరి.

ఒకే నటుణ్ణి ఇద్దరు డైరెక్టర్లు అడిగితే ఆ రాత్రే కూర్చుని తేల్చుకోండి. అప్పటిదాకా ఎవరికీ మాట ఇవ్వొద్దు.