గ్రాంటుకు అప్లై చేసే ముందు ఫైలు సరిచేసుకోండి

నేను విశాఖ పోర్టులో అకౌంట్స్ చూసి రిటైరయ్యాను. గాజువాక, పెందుర్తి, మర్రిపాలెం వైపు చిన్న చిన్న సేవా సంఘాలు నడిపేవాళ్లు నా దగ్గరికి వచ్చి "మాస్టారూ, మనకు పనికొచ్చే స్కీమేదైనా ఉందా?" అని అడుగుతారు. నేను తిరిగి అడిగేది ఒకటే: మీ పాన్ కార్డు మీద సంఘం పేరు ఎలా ఉంది?

నవ్వుతారు గానీ, సగం ఫైళ్లు అక్కడే ఆగుతాయి. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో 'సొసైటీ', పాన్‌లో 'అసోసియేషన్', బ్యాంకు పాసుబుక్కులో సగం పేరు కట్. ఇంగ్లిషు స్పెల్లింగులో ఒక హెచ్ అటూ ఇటూ అయినా కంప్యూటరుకు అది వేరే సంస్థే. కేంద్రం డబ్బు పీఎఫ్ఎంఎస్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థ ద్వారా నేరుగా బ్యాంకు ఖాతాకు వస్తుంది కాబట్టి అన్నిచోట్లా పేరు అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ముందు ఆ పని చూడండి.

ఇంకా రిజిస్టరే కాకపోతే, ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. అధ్యక్షుడు, ఆయన భార్య, బావమరిది, ఇద్దరు కొడుకులు అని కమిటీ వేస్తే చూసేవాడికి అది సంఘంలా కాదు, రేషన్ కార్డులా కనిపిస్తుంది. బైలాస్‌లో (అంటే సంఘం నియమావళిలో) 'సమాజ సేవ' అని ఒక్క ముక్క రాసి ఊరుకోవద్దు. వృద్ధుల కోసం అడగబోతే వృద్ధుల సంరక్షణ అని, దివ్యాంగ పిల్లల కోసమైతే ఆ మాటే ఆశయాల్లో స్పష్టంగా ఉండాలి. లేకపోతే జనరల్ బాడీలో తీర్మానం చేసి, సవరణను రిజిస్ట్రార్ దగ్గర ఫైల్ చేయించండి. కమిటీ మారినప్పుడల్లా కొత్త జాబితా కూడా అక్కడ ఇవ్వాలి. దీన్ని చాలామంది వదిలేస్తారు.

తర్వాత నీతి ఆయోగ్ వారి ఎన్జీవో దర్పణ్ పోర్టల్‌లో నమోదు. సంఘం పాన్‌తో పాటు ఆఫీస్ బేరర్ల పాన్, ఆధార్ వివరాలు అడుగుతుంది. అక్కడ వచ్చే యూనిక్ ఐడీ లేకుండా కేంద్ర పథకాల్లో ఫైలు ముందుకు కదలదు. ఇక్కడొక చిక్కు: 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి కదా, అనకాపల్లి, పాడేరు వైపు సంఘాల పాత కాగితాల్లో ఇప్పటికీ విశాఖపట్నం జిల్లా అనే ఉంటుంది. ఆఫీసు ఏ జిల్లాలో ఉందో ఆ జిల్లాకే మార్పించుకోండి. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చేది అక్కడి అధికారులు.

ఇప్పుడు స్కీముల సంగతి. కేంద్ర సామాజిక న్యాయ శాఖ దరఖాస్తులు ఈ-అనుదాన్ పోర్టల్‌లో తీసుకుంటారు. వృద్ధుల ఆశ్రమాలకు, వ్యసన విముక్తి కేంద్రాలకు, దివ్యాంగుల పునరావాసానికి వేర్వేరు పథకాలున్నాయి. దివ్యాంగుల పథకానికి 2016 నాటి హక్కుల చట్టం కింద సంస్థకు విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. అందులో సాయం సాధారణంగా ఖర్చులో 90 శాతం దాటదు, మిగతాది మన జేబులోంచే. ఇదే పని కోసం ఇంకో శాఖను కూడా అడిగి ఉంటే ఆ సంగతి రాయాలి, దాచితే తర్వాత తలనొప్పి. "ఢిల్లీలో మనవాళ్లున్నారు, పది శాతం ఇస్తే చాలు" అనేవాణ్ణి గుమ్మంలోనే పంపేయండి.

డబ్బు విడతలుగా వస్తుంది, అదీ చాలా ఆలస్యంగా. టీచర్ల జీతాలు, అద్దె ఆగవు కదా? ఆరు నెలలు సొంతంగా నెట్టుకురాలేని సంఘం గ్రాంటు జోలికి వెళ్లకపోవడమే మేలని నా అభిప్రాయం. అలాంటివాళ్లకు ముందు దాతలు, ఆ తర్వాత సీఎస్ఆర్, అంటే కంపెనీలు సమాజ సేవకు పెట్టే డబ్బు. సంఘం ఆదాయానికి, దాతల విరాళాలకు పన్ను మినహాయింపు కోసం 12ఏ, 80జీ అని పిలిచే రిజిస్ట్రేషన్లు చేయించుకుని, మూడేళ్ల పని చూపించగలిగి, కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 ఫారం వేసి నంబరు తెచ్చుకుంటే మన ఊళ్లోనే హెచ్‌పీసీఎల్ లాంటి కంపెనీలకు ప్రపోజల్ ఇవ్వొచ్చు.

తనిఖీ రోజున అధికారులు గోడ మీద బ్యానర్ చూడరు. హాజరు పట్టీ, జీతాల రిజిస్టరు, ఓచర్లు, సీఏ ఆడిట్ చేసిన లెక్కలు చూస్తారు. హాజరు పట్టీలో నెలంతా ఒకే పెన్నుతో, ఒకే రోజు పెట్టిన సంతకాలు ఎవరికైనా తెలిసిపోతాయి. ఏ రోజుది ఆ రోజే పెట్టించండి.

గ్రాంటు వచ్చాక అసలు పని మొదలు. ఏ పద్దు కింద ఇస్తే ఆ పద్దుకే ఖర్చు. భోజనాల డబ్బుతో ఫ్యాన్లు కొనకూడదు. ఆర్థిక సంవత్సరం ముగిశాక జీఎఫ్ఆర్ (కేంద్రం ఆర్థిక నియమాలు) 12-ఏ ఫారంలో వినియోగ ధ్రువపత్రం పంపాలి. అది అందకపోతే తర్వాతి డబ్బు రాదు. ఖాతాలో గ్రాంటు మీద వచ్చిన వడ్డీ కూడా సంఘానిది కాదు, లెక్కలు తేలాక ప్రభుత్వానికి తిరిగి కట్టాలి. ఆ డబ్బుతో కొన్న కుట్టు మిషన్లు, మంచాలు అనుమతి లేకుండా అమ్మకూడదు. వాటికో ఆస్తుల రిజిస్టరు పెట్టి, ప్రతి వస్తువు వెనక పథకం పేరు, సంవత్సరం పెయింటుతో రాయించండి. స్టిక్కర్లు వద్దు, మన సముద్రపు గాలికి ఊడిపోతాయి.