ఐదడుగుల ఆడవాళ్ళ కోసం బట్టల వ్యాపారం: ముందు టేపు పట్టుకోండి, మిషన్ తర్వాత

షాపులో కుర్తీ కొని అదే సంచితో సందు చివర ఆల్టరేషన్ టైలర్ దగ్గరికి వెళ్ళడం మనలో చాలామందికి ఎంత అలవాటైపోయిందంటే, అది కూడా ఒక ఖర్చేనన్న సంగతి మర్చిపోయాం. నా ఎత్తు నాలుగడుగుల పదకొండు అంగుళాలు. కాలేజీ రోజుల నుంచి నేను కొన్న ప్రతి రెడీమేడ్ బట్టకీ రెండో బిల్లు కట్టాను. ఈ వ్యాపారం పెట్టడానికి కారణం అదే. ఇప్పుడు ఇదే దారిలో రావాలనుకుంటున్నవాళ్ళకి నేను నేర్చుకున్నది వరసగా చెప్తాను.

మొదట ఒక విషయం మనసులో నుంచి తీసేయండి. ఇదేదో కొద్దిమంది కోసం చేసే వ్యాపారం అనుకోకండి. విదేశాల్లో ఐదడుగుల నాలుగు అంగుళాల లోపు వాళ్ళని పెటీట్ అంటారు. మన దేశంలో ఆడవాళ్ళ సగటు ఎత్తే సుమారు 152 సెంటీమీటర్లు, అంటే ఐదడుగులు. అంటే మన దగ్గర మామూలు ఎత్తు ఉన్న మనిషికే మార్కెట్లో బట్ట సరిగా దొరకడం లేదు. చాలాకాలం మన రెడీమేడ్ సైజులు అమెరికా, బ్రిటన్ చార్టుల మీద నడిచాయి కాబట్టే జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ నిఫ్ట్ వాళ్ళు ఇండియా సైజ్ పేరుతో హైదరాబాద్‌తో సహా ఆరు నగరాల్లో పాతికవేల మందికి పైగా మనుషుల్ని స్కానర్లతో కొలిచే పని పెట్టుకున్నారు. మీరు అంత చేయక్కర్లేదు, ముప్పై మంది చాలు.

ఆ ముప్పై మందిని ఎక్కడా వెతకక్కర్లేదు. అపార్ట్‌మెంట్లో, ఆఫీసులో, పిన్నిలూ అత్తలూ వదినలూ ఉన్న పెళ్ళిళ్ళలో, నాలుగడుగుల తొమ్మిది నుంచి ఐదడుగుల మూడు దాకా ఉన్నవాళ్ళని అడిగి కొలవండి. సన్నంగా ఉన్నవాళ్ళనే కాదు, ఒళ్ళున్నవాళ్ళని తప్పకుండా కొలవాలి, ఎందుకంటే ఎత్తు తక్కువ ఉండి ఒళ్ళున్న మనిషి షాపులో పడే ఇబ్బంది అందరికంటే ఎక్కువ, ఛాతీకి సరిపోయే డబుల్ ఎక్సెల్ తీసుకుంటే భుజాలు జారిపోతాయి, చేతులు వేళ్ళ దాకా వస్తాయి. చెస్ట్, నడుము, హిప్ అందరూ కొలుస్తారు. మనకి కావలసినవి నిలువు కొలతలు: భుజం నుంచి ఛాతీ మొన దాకా, మెడ వెనక ఎముక నుంచి నడుము దాకా, నడుము నుంచి మోకాలి దాకా, నడుము నుంచి చీలమండ దాకా, చంక లోతు, చేతి పొడవు. ఒక నోట్‌బుక్‌లో ఎత్తు పక్కన ఇవన్నీ రాసుకోండి. ఆ నోట్‌బుక్కే మీ అసలు పెట్టుబడి.

ఎందుకంటే ఎత్తు తక్కువ మనిషికి బట్ట అంటే పెద్ద బట్టని కింద కత్తిరించడం కాదు. ఇది అర్థం కాకుండా మొదలుపెడితే మీరు కూడా ఆల్టరేషన్ షాపే నడుపుతారు. 46 అంగుళాల కుర్తీ ఐదడుగుల మనిషికి దాదాపు చీలమండ దాకా వస్తుంది. దాన్ని కింద పది అంగుళాలు కోస్తే మోకాలి కిందికి వస్తుంది నిజమే, కానీ నడుము షేపు ఇంకా ఒకటి, ఒకటిన్నర అంగుళం కిందే ఉంటుంది, చీలిక మొదలయ్యే చోటు హిప్ దాటి తొడల మీద పడుతుంది, డార్టు (షేపు కోసం వేసే మడత కుట్టు) ఛాతీ మొన కింద ఆగుతుంది. చంక లోతుగా ఉంటే చెయ్యి పైకెత్తినప్పుడల్లా కుర్తీ మొత్తం లేస్తుంది, బస్సులో పైన కడ్డీ పట్టుకునే అమ్మాయిని అడగండి ఆ బాధ ఏమిటో. ప్యాంటు సంగతి ఇంకా స్పష్టంగా కనబడుతుంది. పెన్సిల్ ప్యాంటు మోకాలి నుంచి కిందికి సన్నబడుతూ వస్తుంది, 38 అంగుళాల ప్యాంటుని 34కి కోస్తే ఆ సన్నబడే భాగమే పోయి అంచు వెడల్పుగా మిగిలిపోతుంది. మోకాలి దగ్గర ఉండాల్సిన షేపు పిక్క మీదికి దిగుతుంది.

కాబట్టి ప్యాటర్నే, అంటే గుడ్డ కోయడానికి గీసే కాగితపు నమూనానే, కొత్తగా గీయించాలి. మంచి కటింగ్ మాస్టర్‌ని పట్టుకుని మామూలు ప్యాటర్న్ నుంచి ఈ లెక్కతో మొదలుపెట్టమనండి: వీపు నడుము పొడవులో అంగుళం నుంచి అంగుళంన్నర, చేతిలో అంగుళంన్నర, చంక లోతులో అర అంగుళం, భుజం వెడల్పులో పావు నుంచి అర అంగుళం తగ్గించాలి, మెడ లోతు కూడా దాన్ని బట్టి తగ్గాలి. ఇవి తుది కొలతలు కావు. పాత కాటన్ గుడ్డతో శాంపిల్ కుట్టించి నాలుగు పది, ఐదు, ఐదు రెండు ఎత్తులున్న ముగ్గురికి తొడిగి చూడండి. కూర్చోమనండి, వంగమనండి, చేతులెత్తమనండి. నాకు మొదటి కుర్తీ ప్యాటర్న్ కుదరడానికి ఐదు శాంపిల్స్ పట్టింది. అప్పుడు విసుగొచ్చింది కానీ ఇప్పటికీ అదే ప్యాటర్న్ మీద బతుకుతున్నాం.

ఒక వస్తువుతో మొదలుపెట్టండి. ప్యాంటో కుర్తీయో ఏదో ఒకటి. రెండు ఎత్తులు, ఐదు సైజులు, మూడు రంగులు అనుకుంటేనే ముప్పై రకాల స్టాకు అవుతుంది. దానికి అనార్కలీ, క్రాప్ టాప్, కోఆర్డ్ సెట్ కలిపారంటే డబ్బంతా బీరువాలో పడి ఉంటుంది. తొందరగా కదిలే రెండు సైజులు మాత్రం చేతిలో ఉంచుకుని మిగతావి ఆర్డర్ వచ్చాక వారంలో కుట్టి ఇవ్వండి.

జాబ్ వర్క్‌కి, అంటే బయట యూనిట్‌కి కూలికి కుట్టడానికి ఇచ్చేటప్పుడు నాకు జరిగింది చెప్తాను. మొదటి లాటు నలభై కుర్తీలు ఒక యూనిట్‌కి ఇచ్చాను, మన ప్యాటర్న్ కాగితాలు కూడా ఇచ్చాను, వాళ్ళు పని తొందరలో తమ దగ్గరున్న మామూలు ప్యాటర్న్ పెట్టి కోసి కింద పొడవు మాత్రం తగ్గించేశారు. నలభై కుర్తీలకీ చీలికలు తొడల మీదే. సగం విప్పి మళ్ళీ కుట్టించాను, సగం అమ్మలేకపోయాను. అప్పటినుంచి గుడ్డ తాను పరిచి కోసేటప్పుడు నేనే పక్కన ఉంటాను, మొదటి కుర్తీ కుట్టి చూశాకే రెండోది కుట్టమంటాను. మీరూ అలాగే చేయండి, మొహమాటపడకండి.

గుడ్డ విషయం. హైదరాబాద్ వాళ్ళకి సికింద్రాబాద్ జనరల్ బజార్, బేగం బజార్, పాతబస్తీలో మదీనా చుట్టుపక్కల ఉన్నాయి, విజయవాడ వాళ్ళకి వస్త్రలత ఉంది. నేత గుడ్డ కావాలంటే మంగళగిరి, పోచంపల్లి వెళ్ళి చూసి తెచ్చుకోవడం మేలు. రంగు చూసే ముందు పన్నా (గుడ్డ వెడల్పు) చూడండి, 44 అంగుళాలదైతే ఒక లెక్క, 58 అయితే ఇంకో లెక్క. కాటన్ అయితే కోసే ముందు నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టండి, పొడవు మన దగ్గర అంగుళాల్లో లెక్క కాబట్టి ఉతికాక ముడుచుకుంటే అంత కష్టమూ వృథా. ప్రింటు చిన్నదో మధ్యస్తమో అయితే మంచిది. జానెడు పువ్వులు, పెద్ద పెద్ద బొమ్మల కలంకారీ చూడ్డానికి ఎంత అందంగా ఉన్నా చిన్న కుర్తీ మీద రెండో మూడో బొమ్మలు పట్టి సగంలో తెగిపోతాయి. అడ్డగీతల కంటే నిలువు గీతలు, కింద వెడల్పాటి అంచు కంటే సన్నటి అంచు. ఇది నా ఇష్టం కూడా, అందరూ ఒప్పుకోనక్కర్లేదు.

ఇప్పుడు లెక్క. ఒక కుర్తీకి గుడ్డ రెండుంపావు మీటర్లు, మీటరు 180 చొప్పున 405. కుట్టుకూలి 200. లైనింగ్, దారం, బొత్తాలు 40. ఇస్త్రీ, ప్యాకింగ్ 35. కొరియర్ 70. మొత్తం 750. దీన్ని జీఎస్టీతో కలిపి 999కి అమ్మితే పన్ను పోగా మీ చేతికి 951, మిగిలేది 200, అందులోనే ఫొటోలు, వెనక్కి వచ్చిన పార్శిళ్ళు, అమ్ముడుపోని సైజులు, మీ జీతం. అది సరిపోదు. 1,299 పెడితే దాదాపు 490 మిగులుతుంది, అప్పుడు నిలబడగలరు. "గుడ్డ తక్కువే పడుతుందిగా, రేటెందుకు తగ్గించరు" అని అడుగుతారు. పావు మీటరు మిగిలే మాట నిజమే, కానీ ఆ డబ్బు ప్యాటర్న్‌కీ శాంపిల్స్‌కీ పోతుందని, పైగా ఆల్టరేషన్ ఖర్చు వాళ్ళకి ఉండదని నెమ్మదిగా చెప్పండి, చాలామంది ఒప్పుకుంటారు.

కాగితాల పని అనుకున్నంత టెన్షన్ కాదు. చిన్న వ్యాపారాల కోసం ఉన్న ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్లో ఉచితం, ఎవరికీ డబ్బులివ్వకండి. చిన్న వ్యాపారాలకి ప్రభుత్వ పథకం కింద ఇచ్చే ముద్ర లోన్ శిశు కింద 50 వేల దాకా, కిశోర్ కింద 5 లక్షల దాకా అడగొచ్చు. హైదరాబాద్‌లో ఉంటే వీ హబ్‌కి ఒకసారి వెళ్ళండి, ఆడవాళ్ళ వ్యాపారాల కోసం తెలంగాణ ప్రభుత్వం 2018లో పెట్టింది. బట్టలు అమ్మేవాళ్ళకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి ఆంధ్రలో ఏడాదికి 40 లక్షల టర్నోవర్, తెలంగాణలో 20 లక్షలు. కానీ వేరే రాష్ట్రానికి అమ్మితే ఆ పరిమితి వర్తించదు, గుంటూరు నుంచి హైదరాబాద్‌కి పార్శిల్ పంపినా అది వేరే రాష్ట్రమే, గుర్తుంచుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 2,500 రూపాయల లోపు బట్టకి 5 శాతం, అది దాటితే 18 శాతం పన్ను. అందుకే పెళ్ళి బట్టల్లోకి దిగే ముందు ధర జాగ్రత్తగా వేసుకోవాలి.

స్టైలింగ్ వేరే వ్యాపారం అనుకోకండి, మన దగ్గర అది చీరతో మొదలవుతుంది. చీర పన్నా 45 నుంచి 47 అంగుళాలు ఉంటుంది, ఐదడుగుల మనిషి నడుము నేల నుంచి 37 అంగుళాల దగ్గర ఉంటుంది. మిగిలిన ఎనిమిది నుంచి పది అంగుళాలూ పొట్ట దగ్గర దోపితే అక్కడ ముద్ద కడుతుంది, అందరూ "లావుగా కనిపిస్తున్నావు" అంటారు. చీరని పై అంచున నాలుగైదు అంగుళాలు లోపలికి మడిచి సమంగా ఇస్త్రీ చేసి, కుచ్చిళ్ళు నాలుగు వేళ్ళ వెడల్పులో సన్నగా పెట్టి, పైట మడతలు కూడా సన్నగా చేసి ఇస్తే అదే చీర వేరేలా నిలబడుతుంది. ఇలా ముందే మడతలు పెట్టి ఇచ్చే ప్రీ-ప్లీటింగ్ చేసేవాళ్ళు ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు, ఎత్తుకి తగ్గట్టు చేసేవాళ్ళు తక్కువ. దీనికి మిషన్ కూడా అక్కర్లేదు, ఇస్త్రీ పెట్టె, క్లిప్పులు, ఓపిక చాలు. కుర్తీలు అమ్ముడుపోని నెలల్లో మాకు అద్దె కట్టింది ఈ పనే.

పెద్ద అంచు గద్వాల చీర కట్టొద్దని మాత్రం ఎవరికీ చెప్పకండి. వాళ్ళమ్మ పెట్టిన చీర కట్టుకోవాలని వచ్చిన పిల్లకి అది ఎలా కట్టాలో చూపించడమే మన పని. జాకెట్ పొడవు కాస్త తగ్గించి, చీర రంగులోనే జాకెట్ వేసి, అంచు పాదాల మీదికి దిగేలా కట్టండి, చాలా బాగుంటుంది. డ్రెస్సులకైతే రెండున్నర మీటర్ల దుపట్టా బదులు రెండు మీటర్లది ఇవ్వండి.

ఫొటోల్లో ఎత్తైన మోడల్‌ని పెట్టకండి. ఒకే కుర్తీ నాలుగు పది, ఐదు, ఐదు రెండు ఉన్న ముగ్గురి మీద చూపించండి, ప్రతి ఫొటో కింద ఎత్తు, చెస్ట్, వేసుకున్న సైజు రాయండి. కెమెరా నడుము ఎత్తులో ఉండాలి, కింద నుంచి తీసి కాళ్ళు పొడవుగా చూపిస్తే మొదటి పార్శిలే వెనక్కి వస్తుంది. సైజుకి పేరు పెట్టేటప్పుడు "పొట్టివాళ్ళకి" అని రాయొద్దు, ఆ మాట స్కూల్ నుంచి విని విసిగిపోయినవాళ్ళే మన దగ్గరికి వస్తారు. అడుగులు, అంగుళాలు రాస్తే చాలు, ఎవరి ఎత్తు వాళ్ళకి తెలుసు. అమెరికాలో ఉన్న మనవాళ్ళ నుంచి కూడా ఆర్డర్లు వస్తాయి, అక్కడి షాపుల్లో పెటీట్ ప్యాంట్లు దొరుకుతాయి కానీ పండక్కి వేసుకునే కుర్తీ దొరకదు.

కుట్టేటప్పుడు పక్కల్లో అంగుళం, కింద రెండు అంగుళాలు గుడ్డ మార్జిన్‌గా వదలండి. మొదటి ఆర్డర్‌కి ఒక ఆల్టరేషన్ ఉచితంగా చేసివ్వండి, కానీ ఏం మార్చారో నోట్‌బుక్‌లో రాసుకోండి. ఒకే మార్పు ఐదుగురు అడిగారంటే లోపం ప్యాటర్న్‌లో ఉన్నట్టే.

ఇంట్లోనే ఒక గది ట్రయల్‌కి పెట్టుకుంటే, బట్టలు తగిలించే కడ్డీ ఐదడుగుల మనిషికి మునివేళ్ళ మీద లేవకుండా అందే ఎత్తులో కొట్టించండి. అద్దం నేల దాకా ఉండాలి. ట్రయల్‌కి వచ్చేవాళ్ళని రోజూ వేసుకునే చెప్పులే వేసుకుని రమ్మనండి, ప్యాంటు పొడవుకి గుర్తు ఆ చెప్పులతో నిలబడ్డాకే పెట్టండి.