వేట నిషేధం అయ్యాక మొరాయించిన బోటు ఇంజను

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధం కదా. ఆ 61 రోజులూ మా పాత టూస్ట్రోక్ ఇంజను ఉప్పాడ ఒడ్డున టార్పాలిన్ కింద పడుంది. తీరా బయల్దేరదామంటే, తాడు లాగి లాగి భుజం పోయింది గానీ అంటుకోలేదు.

"కాయిల్ పోయుంటుంది, మార్చెయ్ బావా" అన్నాడు బావమరిది. ప్లగ్‌కి రవ్వ పుట్టించే కరెంటు ఇచ్చేది కాయిలే. మనవాళ్లకి ముందు ఖరీదైన సామానే గుర్తొస్తుంది. చుట్టూ పెట్రోలు తడి లేకుండా తుడిచి, ప్లగ్ విప్పి, ఇంజను బాడీకి ఆనించి లాగాను. నీలంగా టక్కుమంది రవ్వ. కాయిల్ బానే ఉంది. ప్లగ్ మాత్రం ఎండిపోయి ఉంది, అంటే పెట్రోలు అందట్లేదు.

పెట్రోలుని గాలితో కలిపే కార్బరేటర్ గిన్నె విప్పితే అడుగున నీటి బొట్లు పాదరసంలా దొర్లుతున్నాయి, పక్కనే బెల్లంపాకంలాంటి జిగురు. పెట్రోలు వెళ్లే సన్న కన్నమున్న ఇత్తడి ముక్క, మెయిన్ జెట్‌ని వెలుతురుకి పెడితే కన్నమే కనబడలేదు. పెట్రోల్లో నానబెట్టి, కరెంటు వైర్లోంచి ఒక్క రాగి పోగు తీసి మెల్లగా పొడిచాను. సూది వాడకండి, ఇత్తడి కన్నం పెద్దదైపోతుంది.

అంటుకుంది, రెండు నిమిషాలకి మళ్లీ ఆగింది! పెట్రోలు పైపు మీద చేత్తో పంపు చేసే రబ్బరు బల్బు ఎంత పిసికినా గట్టిపడట్లేదు. చూస్తే పైపు కనెక్టర్లో ఓరింగు (గుండ్రటి రబ్బరు వాషరు) చిట్లి గాలి లాగుతోంది. అది మార్చి, పాత పెట్రోలు పారబోయకుండా డబ్బాలోకి తీసేసి, లీటరుకి 20 మిల్లీలీటర్ల ఆయిలు కలిపిన కొత్తది పోశాను. మూడో లాగుడికి అందుకుంది.