ముందస్తు విరమణ కోసం దాచుకుంటున్న యువ ఉద్యోగులు రాజీనామాకు ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

ముప్పై నాలుగేళ్లకే ఉద్యోగం మానేసి, ఇక జీతంతో పని లేదనుకున్న ఒక పరిచయస్థుడు ఈ మధ్య పాత జీతంలో సగానికైనా సరేనని మళ్లీ ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. మార్కెట్ అతన్ని ముంచలేదు, అతను దుబారా చేయలేదు. పదేళ్లపాటు సంపాదనలో మూడింట రెండు వంతులు దాచిన మనిషి. పెళ్లి, బిడ్డ, తండ్రి వైద్యం ఒకదాని వెంట ఒకటి వచ్చేసరికి, వేసుకున్న లెక్కలో వాటికి చోటే లేదని తేలింది. అదే దారిలో ఉన్నవారి కోసం ఇది రాస్తున్నాను. అప్పులు తీర్చడం, షేర్ మార్కెట్ సూచీని అనుసరించే ఇండెక్స్ ఫండ్లలో నెలనెలా మదుపు చేయడం వంటివి మీకు ఎలాగూ తెలుసు కనుక వాటి జోలికి వెళ్లను.

నేను చూసినవారిలో ఎక్కువమందిని దెబ్బతీసిన పొరపాటు ఒక్కటే: పాతికేళ్ల వయసులో బిగబట్టి బతికిన కాలపు ఏడాది ఖర్చును 25తో గుణించి, వచ్చిన మొత్తాన్ని జీవితాంతపు నిధిగా నమ్మడం. ఆ వయసులో గది అద్దెను స్నేహితులు పంచుకుంటారు, ఆరోగ్య బీమా ప్రీమియం సంస్థ కడుతుంది, తల్లిదండ్రులు ఇంకా తమ కాళ్లమీద తాము నిలబడి ఉంటారు, పళ్లూ మోకాళ్లూ ఇబ్బంది పెట్టవు. ఉద్యోగం మానిన నాడు వీటిలో కొన్ని, నలభై దాటాక మిగిలినవి మీ మీదికే వస్తాయి.

దీని తీవ్రత అంకెల్లో తెలుస్తుంది. ఆదాయంలో 70 శాతం దాచి, ద్రవ్యోల్బణం పోను ఏడాదికి 5 శాతం రాబడి పొందితే, మిగిలిన 30 శాతం ఖర్చుకు 25 రెట్ల నిధి సుమారు 9 ఏళ్లలో సమకూరుతుంది. యువతను ఆకర్షించేది ఈ వేగమే. కానీ అసలు ఖర్చు ఒకటిన్నర రెట్లయితే, ఏటా నిధిలో 4 శాతం, అంటే ఇరవై అయిదో వంతు, తీసుకుంటే చాలనుకున్నవారు 6 శాతం తీయవలసి వస్తుంది. ఆ 4 శాతమైనా ఎక్కడిది? 1994లో విలియం బెంగెన్ అనే ఆర్థిక సలహాదారు అమెరికా షేర్లు, బాండ్ల గత రాబడులను పరిశీలించి, మొదటి ఏడాది 4 శాతం తీసుకుని, తర్వాత ఆ మొత్తాన్ని ద్రవ్యోల్బణం మేరకు పెంచుకుంటూ పోయినా నిధి కనీసం 30 ఏళ్లు నిలుస్తుందని లెక్కగట్టారు. అరవై దాటినవారికి ఆ 30 ఏళ్లు చాలవచ్చు. 35కే మానుకున్నవారికి 50 ఏళ్లకు పైగా కావాలి. అందువల్ల 3 నుంచి 3.5 శాతం, అంటే ఏడాది ఖర్చుకు సుమారు 29 నుంచి 33 రెట్లు అనుకోవడం మేలు. అదీ నలభై అయిదేళ్ల వయసులో, కుటుంబంతో ఉండబోయే ఖర్చుకు.

మానేసిన తొలి అయిదారేళ్లలో మార్కెట్ పడితే జరిగే నష్టం, ఇరవై ఏళ్ల తర్వాత పడితే జరిగే నష్టం కంటే చాలా ఎక్కువ. పడిన ధరకే ఫండ్ యూనిట్లు అమ్ముకుని తినవలసి వస్తుంది. మార్కెట్ కోలుకునే నాటికి ఆ యూనిట్లు మీ దగ్గర ఉండవు. 2007 అక్టోబరు నుంచి 2009 మార్చి వరకు అమెరికా షేర్ల సూచీ ఎస్ అండ్ పీ 500 సుమారు 57 శాతం పడింది. జపాన్ షేర్ల సూచీ నిక్కీ 1989 డిసెంబరు నాటి శిఖరాన్ని 2024 ఫిబ్రవరిలో గానీ దాటలేదు. కాబట్టి రెండు మూడేళ్ల ఖర్చును డిపాజిట్లలో విడిగా ఉంచండి. ఉన్నదంతా ఒకే దేశపు షేర్లలో పెట్టకండి.

సంస్థ ఇచ్చే బీమాను నమ్ముకుని కూర్చోకండి. ఒంట్లో బాగున్నప్పుడే సొంతంగా తీసుకోండి. పొదుపు శాతం పెంచడానికి పంటి నొప్పిని వాయిదా వేయకండి. జీవిత భాగస్వామితో మాట్లాడకుండా తేదీ నిర్ణయించకండి. నిధి త్వరగా చేరాలని అప్పు చేసి షేర్లు కొనకండి. స్నేహితుడి వ్యాపారానికి ఆ నిధిని ఇవ్వకండి. విరమణ ఖాతాల్లోని డబ్బు ఏ వయసుకు చేతికొస్తుందో, ముందే తీస్తే పన్ను, జరిమానా ఎంత పడతాయో తెలుసుకోకుండా దాన్ని లెక్కలో కలపకండి. చేతిలోని పనితనాన్ని మరిచిపోయేంతగా వృత్తికి దూరం కాకండి. పై అధికారి మీద కోపంతో రాజీనామా చేసి, దానికి ముందస్తు విరమణ అని పేరు పెట్టుకోకండి (ఇలాంటివారు మీరనుకునేదాని కంటే ఎక్కువమందే ఉన్నారు). మళ్లీ చెబుతున్నాను, నేటి ఖర్చును గుణించకండి. రాజీనామాకు ముందు ఒక ఏడాదిపాటు సొంత బీమా ప్రీమియం, ఎవరితోనూ పంచుకోని అద్దె, తల్లిదండ్రుల కోసం నెలనెలా తీసిపెట్టే మొత్తం అన్నీ కలుపుకుని బతికి చూసి, చివరకు తేలిన ఖర్చుతో లెక్కను మొదటినుంచి వేయండి.