సీడీల సంచి

కిడ్నీ క్యాన్సర్ వచ్చి మా వారికి ఎడమ కిడ్నీ తీసేసి ఆరేళ్లు దాటింది. "గడ్డ మొత్తం తీసేశాం" అని సర్జన్ గారు చెప్పగానే సంబరంగా ఇంటికి వచ్చేశాం. అసలు కాగితం అప్పటికింకా ల్యాబులోనే ఉంది.

తీసిన కిడ్నీని పరీక్షించి ఇచ్చే బయాప్సీ రిపోర్టు అది. డిశ్చార్జి నాటికి చాలాసార్లు సిద్ధం కాదు కాబట్టి మీరే మళ్లీ వెళ్లి తెచ్చుకోండి. క్యాన్సర్ రకం, గడ్డ కొలత, దశ (ఎంతవరకు పాకిందో), గ్రేడు (క్యాన్సర్ కణాలు ఎంత మారిపోయాయో చెప్పే అంకె) ఎక్కడున్నాయో చూసి గీత గీసి పెట్టుకోండి. 4 సెంటీమీటర్ల లోపు ఉండి కిడ్నీ దాటని గడ్డ తిరగబెట్టే అవకాశం తక్కువ. మా వారిది 6 సెంటీమీటర్లే, కానీ కిడ్నీ చుట్టూ ఉండే కొవ్వులోకి పాకింది. అందుకే దశ పీటీ3ఏ అని రాశారు, గ్రేడు 3. ఎన్నాళ్లకోసారి స్కాన్ తీయాలన్నది వీటిని బట్టే తేలుతుంది. మాకు తొలి మూడేళ్లు ఆరు నెలలకోసారి, తర్వాత ఏడాదికోసారి అన్నారు. ఎవరికో ఏడాదికోసారి సరిపోయిందని మీరూ తగ్గించుకోకండి. తిరగబెట్టే ప్రమాదం ఎక్కువున్న వారికి ఆపరేషన్ తర్వాత ఇచ్చే పెంబ్రోలిజుమాబ్ ఇంజెక్షన్‌కు అమెరికాలో 2021 నవంబరులో అనుమతి వచ్చింది. మా కాలానికి అది లేదు. మీకు పనికొస్తుందేమో మొదటి వారాల్లోనే అడగండి.

"తిరగబెట్టిందో లేదో రక్తపరీక్ష చేయిస్తే తెలిసిపోదా?" అన్నాడు మా మరిది. తెలియదు. క్రియాటినిన్ అనే రక్తపరీక్ష చేయించేది మిగిలిన కిడ్నీ ఎలా ఉందో చూడటానికి. పొట్టకు అల్ట్రాసౌండ్ ఒక్కటే తీయించి ఊరుకోవడమూ కుదరదు. ఈ జబ్బు తిరగబెడితే ఎక్కువగా ఊపిరితిత్తుల్లోనే కనిపిస్తుంది, అందుకని ఛాతీనీ చూడాలి. మందు ఎక్కించి తీసే సీటీ స్కాన్ అయితే ముందు క్రియాటినిన్ చూపించండి. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఆ మాటా చెప్పండి.

ఇక స్కాన్ బొమ్మలు ఉండే సీడీల సంగతి. మూడో ఏట, ఇంటికి దగ్గరలో ఉందని కొత్త స్కానింగ్ సెంటర్‌కు వెళ్లాం, పాత సీడీలు ఇంట్లోనే ఉండిపోయాయి. కుడి ఊపిరితిత్తిలో 6 మిల్లీమీటర్ల మచ్చ ఉందని రిపోర్టు వచ్చింది. పది రోజులు మా ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు. పాత సీడీ పక్కన పెట్టి చూస్తే ఆ మచ్చ ఆపరేషన్‌కు ముందు నుంచీ ఉంది, వెంట్రుకవాసి కూడా పెరగలేదు. తప్పు నాదే. అప్పటి నుంచి సీడీలన్నీ తేదీలు రాసి ఒకే గుడ్డ సంచిలో పెడుతున్నాను. స్కాన్ తీసే ముందే ఆ సంచి వాళ్ల చేతికిస్తాను.

మోకాళ్ల నొప్పికి మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్ వేసుకునే అలవాటు మా వారికి ఉండేది. ఒంటి కిడ్నీ వారికి అది మంచిది కాదు, మాన్పించాను. ఊళ్లో ఎవరో ఇచ్చిన భస్మం పొట్లం నేనే పారేశాను. రెండు రోజులు మాట్లాడలేదు ఆయన.

తగ్గని ఎముకల నొప్పి, వదలని దగ్గు, కఫంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం కనిపిస్తే స్కాన్ తేదీ కోసం ఆగకుండా డాక్టరుకు ఫోను చేయండి. అయిదేళ్లయిందని ఫైలు అటక ఎక్కించకండి. పదేళ్ల తర్వాత తిరగబెట్టిన వారూ ఉన్నారు.

సీడీ ఇవ్వగానే అక్కడి కంప్యూటర్‌లోనే పెట్టి తెరుచుకుంటుందో లేదో చూపించమనండి. మా సంచిలో ఒకటి ఉంది, పైన తేదీ, పేరు అన్నీ ఉన్నాయి, లోపల ఏమీ లేదు.