యూరప్ టూర్‌లో పాస్‌పోర్ట్, ఫోన్, డబ్బు పోకుండా చూసుకోవడం ఎలా?

2013 ఏప్రిల్‌లో పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం ఒకరోజు తలుపులు తెరవలేదు. సిబ్బంది సమ్మె చేసింది జీతాల కోసం కాదు. లోపల జేబుదొంగల ఆగడాలు మితిమీరిపోయాయని, అడ్డుకోబోతే తమ మీదికే వస్తున్నారని, పోలీసు బందోబస్తు పెంచాలని పని మానేశారు. 18 ఏళ్లలోపు వాళ్లకు అక్కడ టికెట్ అక్కర్లేదు కాబట్టి, ఆ ముఠాల్లో ఉండే పిల్లలు దర్జాగా లోపలికి వచ్చేసేవారు. మోనాలిసా ఫొటో కోసం రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డవాడి జేబు ఎవరిదో వేరే చెప్పాలా?

పారిస్, రోమ్, బార్సిలోనా లాంటి ఊళ్లలో టూరిస్టులకు ఎక్కువగా ఎదురయ్యేది కత్తి చూపించి దోచుకోవడం కాదు, చేతివాటం. ఎంత జాగ్రత్తగా ఉన్నా ఏదో ఒకటి పోవచ్చు. ఒక్క దెబ్బకు అన్నీ పోకుండా చూసుకోవడం మాత్రం మన చేతిలోనే ఉంది. మన కుటుంబాల్లో దానికి సరిగ్గా ఎదురు చేస్తాం. నలుగురి పాస్‌పోర్టులు, కార్డులు, యూరోలు అన్నీ ఒకే పౌచ్‌లో పెట్టి నాన్నగారి భుజానికి తగిలిస్తాం. ఆ పౌచ్ పోతే ఇల్లంతా రోడ్డు మీద ఉన్నట్టే.

1. బయల్దేరే ముందే అన్నీ విడగొట్టండి

ఎవరి పాస్‌పోర్ట్ వాళ్ల దగ్గరే ఉండాలి. చిన్నపిల్లలవి తల్లిదండ్రులు చెరొకటి పంచుకోండి. పాస్‌పోర్ట్ మొదటి పేజీ, చిరునామా ఉండే చివరి పేజీ, వీసా పేజీ, ఇన్సూరెన్స్ పాలసీ జిరాక్స్ తీసి ఒక సెట్ సూట్‌కేసులో, ఇంకో సెట్ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోండి. ఫోన్‌లో ఫొటో ఉందిగా అనుకోవద్దు, ముందు పోయేది ఆ ఫోనే. అవే ఫొటోలు మీ మెయిల్‌కీ, ఇంటి దగ్గర నమ్మకమైన మనిషికి వాట్సాప్‌లోనూ పంపి ఉంచండి. తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో పాస్‌పోర్ట్ ఫొటోలు ఓ నాలుగు కూడా తీసుకెళ్లండి. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

ఒక కాగితం మీద ఇంటివాళ్ల నంబర్లు, హోటల్ చిరునామా, బ్యాంకు నంబరు రాసుకోండి. ఈ రోజుల్లో సొంత భార్య నంబరు కూడా గుర్తుండటం లేదు కదా! బ్యాంకు విషయంలో ఒక చిక్కుంది. 1800తో మొదలయ్యే టోల్‌ఫ్రీ నంబర్లు విదేశాల నుంచి సాధారణంగా కలవవు. +91తో మొదలయ్యే మామూలు నంబరు బ్యాంకు వెబ్‌సైట్‌లో చూసి రాసుకోవాలి.

కార్డులు కనీసం రెండు, వేర్వేరు బ్యాంకులవి తీసుకెళ్లండి. ఒకటి పర్సులో, రెండోది గదిలోనో వేరే మనిషి దగ్గరో ఉండాలి. 2020లో వచ్చిన రిజర్వ్ బ్యాంక్ నిబంధనల వల్ల కొత్త కార్డులు విదేశాల్లో పనిచేయకుండా ఆపి ఉంచుతారు. బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడకం ఆన్ చేసేటప్పుడే రోజువారీ పరిమితి తక్కువగా పెట్టుకోండి. పిన్ కొట్టకుండా ట్యాప్ చేసే పద్ధతికీ అక్కడే విడిగా పరిమితి ఉంటుంది. కార్డు పోయినా నష్టం అక్కడితో ఆగుతుంది. షాపులో మెషిన్ రూపాయలా, యూరోలా అని అడిగితే యూరోలే నొక్కండి. రూపాయలు నొక్కితే మారకం రేటులో గుంజుతారు, అదీ ఒకరకం జేబుకత్తిరింపే.

నోట్లు ఎక్కువ వద్దు. మామూలు ట్రిప్పుకి మనిషికి 3,000 డాలర్ల విలువైన విదేశీ నోట్ల దాకా తీసుకెళ్లనిస్తారు కానీ, పశ్చిమ యూరప్‌లో దాదాపు అన్నిచోట్లా కార్డు నడుస్తుంది. ఐఫిల్ టవర్ దగ్గర 2024 నుంచి యూపీఐ కూడా వచ్చింది. అలాగని యూపీఐని నమ్ముకుని టూరుకి వెళ్లకండి.

ఇక బంగారం. నా సలహా ఒక్కటే, ఇంట్లో పెట్టి రండి. పుస్తెలతాడు తియ్యనంటే దాన్ని బట్టల లోపలికి వేసుకోండి, పైకి కనిపించకూడదు. దక్షిణాసియా ఇళ్లలో బంగారం ఉంటుందన్న సంగతి అక్కడి దొంగలకూ తెలుసు. లండన్ పోలీసులు దీపావళి సీజన్లో ఈ విషయమై ప్రత్యేకంగా హెచ్చరికలు ఇస్తుంటారు. పెళ్లికో పేరంటానికో నగలు తీసుకెళ్లక తప్పకపోతే, వెళ్లేటప్పుడే ఎయిర్‌పోర్టు కస్టమ్స్‌లో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. లేదంటే తిరిగొచ్చేటప్పుడు అవి మీవేనని నిరూపించుకోవడం తలనొప్పి.

యూరప్‌లోని చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకి 30,000 యూరోల ఇన్సూరెన్స్ తప్పనిసరి. అయితే ఆ మొత్తం వైద్యం ఖర్చుల కోసం. పాస్‌పోర్ట్, లగేజీ పోతే ఎంతిస్తారో పాలసీలో విడిగా చూసుకోండి.

2. ఫోన్‌ని సిద్ధం చేయండి

ఫోన్ పోతే పోయేది ఫోనొక్కటే కాదు. ఓటీపీలు, టికెట్లు, మ్యాపు అన్నీ దాంతోనే పోతాయి. ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో స్టోలెన్ డివైస్ ప్రొటెక్షన్, ఆండ్రాయిడ్ అయితే థెఫ్ట్ డిటెక్షన్ లాక్ ఆన్ చేయండి. రెండోది ఫోన్ లాక్కుని పరిగెత్తిన కుదుపును పసిగట్టి తెరను లాక్ చేసేస్తుంది. సిమ్‌కి కూడా పిన్ పెట్టుకోవచ్చు. కానీ పాత పిన్ తెలియకుండా ఊహించి కొట్టకండి, మూడుసార్లు తప్పితే సిమ్ లాక్ అవుతుంది. *#06# నొక్కితే వచ్చే ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు నంబరు) ఇందాకటి కాగితం మీదే రాసుకోండి, పోలీసులు అడుగుతారు.

ఇంట్లో పాత స్మార్ట్‌ఫోన్ మూలన పడి ఉంటే ఇప్పుడు దానికి పని పడింది. ఇండియా సిమ్, బ్యాంకు యాప్‌లు అందులో వేసి హోటల్ గదిలో ఉంచండి. చేతిలో తిప్పే ఫోన్‌లో ట్రావెల్ ఈసిమ్ (ప్రయాణం కోసం కొనుక్కునే, కార్డు లేని డిజిటల్ సిమ్) చాలు. రోడ్డు మీద ఫోన్ పోయినా గదికొచ్చి కార్డులు బ్లాక్ చేసుకోగలుగుతారు.

3. ఒంటి మీద ఏది ఎక్కడ?

వెనక జేబు ఉందన్న సంగతే మర్చిపోండి. పాస్‌పోర్టూ రెండో కార్డూ చొక్కా లోపల మెడలో వేసుకునే పలచటి పౌచ్‌లోనో, నడుముకి కట్టుకునే పౌచ్‌లోనో పెట్టుకోవాలి. మన అమ్మమ్మలు రొండిన డబ్బు దోపుకున్న పద్ధతే ఇది. దాన్ని నలుగురిలో బయటికి తియ్యకూడదు. పైన జేబులో ఆ రోజు ఖర్చుకి సరిపడా చిల్లర, ఒక కార్డు ఉంటే చాలు. బ్యాక్‌ప్యాక్ మెట్రో ఎక్కగానే ముందుకి తిప్పుకోండి. జిప్పు రెండు కొక్కేలనూ కలిపి ఒక పిన్నీసు పెడితే, తెరవడానికి దొంగకి రెండు చేతులూ కావాలి, సమయమూ కావాలి. వాడు మిమ్మల్ని వదిలేసి పక్కవాడిని చూసుకుంటాడు.

అసలు పాస్‌పోర్ట్ గదిలో ఉంచాలా, వెంట తిప్పాలా అన్నది ఎప్పుడూ తెగని వాదన. ఊరు మారే రోజు వెంట ఉండాల్సిందే, షాపింగ్ మీద కట్టిన పన్నుని టూరిస్టుగా వాపసు తీసుకోవాలనుకుంటే ఆ షాపింగ్ రోజూ కావాలి. మిగతా రోజుల్లో, గదిలో మంచి లాకర్ ఉంటే అందులో పెట్టి జిరాక్స్‌తో తిరగడం మేలని నా అభిప్రాయం. ఈ దేశాల్లో పోలీసులకు గుర్తింపు పత్రం అడిగే హక్కు ఉంది కాబట్టి, జిరాక్స్ చాలదంటే హోటల్ దాకా రావాల్సి ఉంటుంది. లాకర్ లేని అద్దె ఇల్లు అయితే ఒంటిమీదే ఉంచుకోండి.

4. ఎక్కడ, ఎలా కొట్టేస్తారు?

పారిస్‌లో ఎయిర్‌పోర్టు నుంచి వచ్చే ఆర్‌ఈఆర్ బి రైలు, మెట్రో 1వ లైను, గార్ దు నోర్ స్టేషన్. రోమ్‌లో టెర్మిని స్టేషన్, అక్కడి నుంచి వాటికన్ వైపు వెళ్లే 64 నంబరు బస్సు. బార్సిలోనాలో లా రాంబ్లా వీధి, మెట్రో. ఈ చోట్లన్నీ ఎప్పటినుంచో పేరు మోసినవే. రైల్లో తలుపు పక్కన ఫోన్ చూస్తూ నిలబడకండి. తలుపులు మూసుకునే క్షణంలోనే లాక్కుని దిగిపోతారు, రైలు మిమ్మల్ని తీసుకుని కదిలిపోతుంది. ఎస్కలేటర్ చివర ముందున్నవాడు ఉన్నట్టుండి ఆగిపోతే, మీ చెయ్యి మీ జేబు మీదకి వెళ్లాలి. వెనక ఉన్నవాడు వాడి జోడీయే కావచ్చు.

పారిస్‌లోని సాక్రే కర్ చర్చి మెట్ల దగ్గర వేలికి దారం చుట్టి, అది బ్రాస్‌లెట్ అని డబ్బులు అడుగుతారు. చేతులు జేబులో పెట్టుకుని ఆగకుండా నడవండి. చెవిటి, మూగ పిల్లల కోసం సంతకం చేయమని అట్ట పట్టుకొచ్చే అమ్మాయిలు ఆ అట్ట కింద నుంచే మీ బ్యాగు తడుముతారు. రెస్టారెంట్ బల్ల మీద మీ ఫోన్ ఉంటే, దాని మీద మ్యాపు పరిచి దారి అడుగుతారు, మ్యాపుతో పాటు ఫోనూ వెళ్లిపోతుంది. చొక్కా మీద రెట్ట పడిందంటూ తుడవడానికొచ్చే పెద్దమనిషిని దగ్గరికి రానివ్వకండి. టికెట్ మెషిన్ దగ్గర అడక్కుండా సాయం చేసేవాళ్లకీ దణ్ణం పెట్టేయండి. మామూలు బట్టల్లో వచ్చి పోలీసులమని, దొంగనోట్లు చూడాలి పర్సు ఇమ్మని అడిగితే ఇవ్వకండి. పోలీస్ స్టేషన్‌కి వెళ్దాం పదండి అనండి, చాలామంది అక్కడే మాయమైపోతారు.

మనవాళ్లకి మొహమాటం ఎక్కువ. ఎవరైనా పలకరిస్తే ఆగకపోవడం మర్యాద కాదనుకుంటాం. ఇక్కడ ఆ మొహమాటాన్ని సూట్‌కేసులో పెట్టేయండి.

5. పోయాక ఏం చేయాలి?

వెంబడించకండి, దెబ్బలు తగిలితే పోయినదానికంటే ఎక్కువ ఖర్చు. ప్రమాదంలో ఉంటే 112కి ఫోన్ చేయండి, యూరోపియన్ యూనియన్ దేశాలన్నిట్లో అదే నంబరు.

పక్కవాళ్ల ఫోన్ నుంచి ముందు మీ ఫోన్ లాక్ చేసి, తర్వాత కార్డులు బ్లాక్ చేయండి. అదేరోజు దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి కాపీ తీసుకోండి. పోయినది దొరుకుతుందన్న ఆశ అక్కర్లేదు. ఇన్సూరెన్స్‌కీ, ఎంబసీకీ ఆ కాగితమే ఆధారం.

పాస్‌పోర్ట్ పోతే ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయానికి వెళ్లాలి. ఫిర్యాదు కాపీ, పాత పాస్‌పోర్ట్ జిరాక్స్, ఆ పాస్‌పోర్ట్ ఫొటోలు ఇప్పుడు అక్కరకొస్తాయి. అక్కడ మీకు రెండు దారులుంటాయి. కొత్త పాస్‌పోర్టుకి ఎక్కువ రోజులు పట్టవచ్చు. ఎమర్జెన్సీ సర్టిఫికెట్ త్వరగా ఇస్తారు, కానీ అది ఇండియాకి తిరిగి రావడానికి ఒక్కసారి మాత్రమే పనికొస్తుంది. దాంతో మిగతా టూరు పూర్తిచేయడం కుదరదు, వీసా ఎలాగూ పాత పుస్తకంతోనే పోయింది. ఎమర్జెన్సీ సర్టిఫికెట్ మీద వస్తున్నట్లయితే నేరుగా ఇండియాకి వచ్చే విమానమే చూసుకోండి. మధ్యలో వేరే దేశంలో దిగి మారాల్సి ఉంటే, ఆ కాగితంతో ఒప్పుకుంటారో లేదో ఎయిర్‌లైన్స్‌ని ముందే అడగండి. ఆఫీసుకి శని, ఆదివారాలు సెలవు. శుక్రవారం సాయంత్రం పోతే సోమవారం దాకా ఆగాల్సి రావచ్చు, కాబట్టి అక్కడి ఎమర్జెన్సీ నంబరుకి అప్పుడే ఫోన్ చేసి చెప్పండి.

ఇదంతా అయ్యాక పాత పాస్‌పోర్ట్ సూట్‌కేసు అడుగున దొరికిందనుకోండి, దాంతో ఎయిర్‌పోర్టుకి వెళ్లకండి. పోయిందని మీరు చెప్పగానే అది రద్దయిపోయి ఉంటుంది, ఇమిగ్రేషన్ కౌంటర్‌లో ఆపేస్తారు.